ఒకే పేరు కింద ఇద్దరం

కొండవీధి, వంటగది బల్ల దగ్గర
వానలు మొదలైన వారం

పిడుగుకి,

చిన్నమ్మమ్మ రికార్డు "పోయింది" అని రాశావు. పోలేదు. నా రికార్డులో కలిసింది. పోవడం తీసివేత, కలవడం కూడిక. ఈ రెంటికీ తేడా తెలియని మనవరాలు నాకుందని ఊళ్లో తెలిస్తే, ఇన్నేళ్లు నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లంతా వచ్చి నిలదీస్తారు.

జరిగింది వరసగా చెబుతాను. మన మున్సిపల్ ఆఫీసు దస్త్రాలన్నీ తీసుకెళ్లి మీ రాజధాని కంప్యూటర్లో పోశారు కదా. ఇకమీదట ఏ సంగతైనా ఒక్కచోట చెబితే చాలు, అన్ని ఆఫీసులకూ తెలిసిపోతుందని వీధి చివర పెద్ద బోర్డు కూడా పెట్టారు. నిజంగానే తెలిసిపోయింది. ఒకే రోజున, ఒకే తల్లికి పుట్టి, ఇప్పుడు ఒకే ఇంట్లో ఒకే ముఖంతో తిరుగుతున్న ఇద్దరు ముసలమ్మలను చూసి మీ యంత్రం, ఈవిడెవరో రెండు పేర్లతో రెండుసార్లు నమోదైంది అనుకుంది. చెల్లిని నాలో కలిపి తాళం వేసింది. ఇన్నాళ్లకు మా అమ్మ కోరిక తీరింది. మేం పుట్టిన రోజున ఆవిడ, "ఒక్కరైతే సరిపోయేదిగా" అందట.

నవ్వుకో, కానీ చెల్లికి కళ్లు కావాలి. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. పెద్దాసుపత్రి డాక్టరు లైటు వేసి చూసి, చలికాలం లోపల ఆపరేషను అయిపోవాలి, ఇంకా గట్టిపడితే చూపు వస్తుందని చెప్పలేనన్నాడు. ఆ తర్వాత కంప్యూటరు వైపు తిరిగి, "అమ్మా, మీకు కిందటేడే రెండు కళ్లకూ అయిపోయిందే" అన్నాడు. కిందటేడు అయింది నాకు.

"నా కళ్లు చూసి చెప్పండి బాబూ" అంది చెల్లి.

ఆయన మంచివాడు, మళ్లీ చూశాడు. "మీ కంట్లో ఉందమ్మా, ఇక్కడ లేదు" అని తెర చూపించాడు. తెరమీద లేని రోగానికి మంచం ఇవ్వరట.

చెల్లికి మాత్రం ఏ తొందరా లేదు. సాయంత్రమైతే కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పడవలు పోతున్నాయంటుంది. అవి దీపాలు వేసుకున్న బస్సులు. నిజం చెప్పొద్దూ, నిన్న నేను కూడా కళ్లద్దాలు తీసి చూశాను. తడిసిన రోడ్డు మీద వెలుగు జారిపోతూ ఉంది, వీధిదీపాలు తెల్లటి పువ్వుల్లా విచ్చుకున్నాయి, వాటి మధ్య నుంచి ఏదో పొడుగాటిది చప్పుడు లేకుండా తేలిపోయింది. కాసేపు పడవే అనుకున్నాను. అద్దాలు పెట్టుకోగానే ఎదురింటివాళ్లు ఆరేసి తీయడం మరిచిపోయిన దుప్పట్లు కనబడ్డాయి.

మన రిజిస్ట్రారు నా శిష్యుడే. పెద్ద అంకెల మధ్య కామాలు ఎక్కడపడితే అక్కడ పెట్టేవాడని నేను కామా అని పిలిస్తే, ఊరంతా అదే ఖాయం చేసింది. మాట్లాడినా అంతే, మాట ఆగదు. నా దగ్గర లెక్కల్లో తప్పినవాడు ఇప్పుడు మమ్మల్ని ఇద్దరమని లెక్కపెట్టాలి. పాపం, లెక్కపెట్టాడు కూడా. "తాళం పైనుంచి పడింది టీచరుగారూ, పైవాళ్లే తీయాలి" అంటాడు. పైవాళ్లేమో కిందివాళ్లే సరిచేసి పంపాలని జవాబిచ్చారట. ఆ పైవాళ్లు కూర్చునేది నీ అంతస్తులోనే కదా.

ఫోన్ చేయకు. ఫోన్‌లో నువ్వు "ఊఁ" అంటావు, దాంతో సరి. ఉత్తరంలో "ఊఁ" అని రాయడానికి నీకైనా సిగ్గేస్తుంది.

అమ్మమ్మ

*

రాజధాని, ఆరో అంతస్తు
శనివారం, ఆఫీసు ఖాళీ

అమ్మమ్మా,

కూడికే. ఒప్పుకున్నాను.

ఆ తాళం వేసింది మా విభాగమే. ఒకే మనిషి రెండు ఊళ్లలో రెండుసార్లు నమోదైతే పట్టుకోవడానికి ఆ నియమం పెట్టాం. కవలల గురించి ఆలోచించలేదని అనుకోకు, ఆలోచించాం. పెళ్లిళ్లయి వేరే ఇళ్లకు వెళ్లిపోయిన కవలలను యంత్రం గుర్తుపడుతుంది. పెద్దవాళ్లయ్యాక మళ్లీ ఒకే ఇంటికి చేరి, ఒకే పొయ్యి మీద వండుకునే కవలలు ఉంటారని ఈ అంతస్తులో ఎవరికీ తోచలేదు. మేమంతా మరీ చిన్నవాళ్లం.

తీయడానికి దారి ఉంది. జంట తాళం అంటాం. ఒక తాళంచెవి మా దగ్గర, ఒకటి మన ఊరి ఆఫీసులో. నిజం తాళంచెవులు కావులే, తెరమీద బొత్తాలు. రెండు ఆఫీసులూ ఒకరినొకరు చూసుకుంటూ ఒకేసారి నొక్కితేనే తెరుచుకుంటుంది. కేంద్రం తనంతట తాను ఏ మనిషినీ మార్చకూడదు, ఊరు తనంతట తాను ఏ మనిషినీ పుట్టించకూడదు అని అలా ఏర్పాటు చేశారు. వినడానికి బాగుంది కదూ. ఇంతవరకూ ఒక్కరూ వాడలేదు. మావాళ్లు కిందికి జవాబులు పంపుతారు, మీవాళ్లు పైకి అర్జీలు పంపుతారు, ఒకరి ఫోన్ ఒకరు ఎత్తరు. సోమవారం మన రిజిస్ట్రారుకు నేనే ఫోన్ చేస్తాను.

ఇక్కడ గోడంత తెర ఒకటి ఉంది. దేశంలో ప్రతి మనిషీ ఒక చుక్క. ఎవరైనా ఎక్కడైనా ఏదైనా రాయించుకుంటే ఆ చుక్క వెలిగి ఆరుతుంది. లైట్లన్నీ తీసేసి చూస్తూ కూర్చుంటే, చీకట్లో నీళ్లమీద చినుకులు పడుతున్నట్టు ఉంటుంది. పుట్టినవాళ్లు, ఇల్లు మారినవాళ్లు, పోయినవాళ్లు, అందరూ ఒకేలా వెలుగుతారు. మన కొండవీధిని వెతికి పట్టుకుని చాలాసేపు చూశాను.

చిన్నమ్మమ్మ చేయాల్సింది చాలా చిన్న పని. తెరముందు కూర్చుని తానెవరో తన నోటితో చెప్పాలి. ఎప్పుడు వీలవుతుందో రాయి.

పిడుగు

*

కొండవీధి

పిడుగుకి,

ఉత్తరం అందింది. వాన ఆగలేదు. మెట్ల పక్క తూము పూడిపోయి నీళ్లు వరండాలోకి వచ్చాయి, మనిషిని పెట్టి తీయించాను. అతను తీసిందానికన్నా చెప్పిందే ఎక్కువ. కామా ఇంటికొచ్చి టీ తాగి, నీతో మాట్లాడానని, నీ గొంతు అచ్చం నాదేనని, వణుకు పుట్టిందని చెప్పి వెళ్లాడు.

తెరముందు చెల్లి చెప్పక్కర్లేదు. ఆమె పక్కన నేనుంటాను, నేను చెబుతాను. మా ఇద్దరి సంగతీ నాకే బాగా తెలుసు. అలా ఏర్పాటు చెయ్యి.

అమ్మమ్మ

*

రాజధాని, ఆరో అంతస్తు

అమ్మమ్మా,

కుదరదు. ఆమే చెప్పాలి, పక్కనుంచి ఎవరూ అందించకూడదు. ఈ నియమం లేకపోతే ఎవరు ఎవరి బదులైనా మాట్లాడేసి, ఆస్తులూ మనుషులూ మాయమైపోతారు.

ఇంకో మాట. నా చిన్నప్పటి నుంచి నువ్వు నాకు రాసిన ఉత్తరాల్లో తూము గురించి ఇన్ని వాక్యాలు ఎప్పుడూ లేవు. చిన్నమ్మమ్మ గురించి ఒక్కటే ఉంది. ఏం జరుగుతోంది అక్కడ?

పిడుగు

*

కొండవీధి, కిటికీ దగ్గర
మధ్యాహ్నం, చెల్లి నిద్రపోతోంది

పిడుగుకి,

సరే, రాస్తాను. చదివి మీ అమ్మకు ఫోన్ చేయకు. అది ఏడిస్తే దాన్ని ఓదార్చే ఓపిక నాకిప్పుడు లేదు.

చెల్లి తన పేరు నా పేరే అంటోంది.

కిందటి చలికాలంలో మొదలైంది. మందుల షాపులో పేరడిగితే నాది చెప్పింది. పరధ్యానం అనుకున్నాను. ఆ తర్వాత ఒకరోజు అద్దం ముందు నిలబడి, "అక్కా, పక్కకు జరుగు, జడేసుకోవాలి" అని అద్దంతో అంది. అద్దం జరగలేదని నామీద అలిగింది. మీ కంప్యూటరు మమ్మల్ని కలిపేసిందని కామా వచ్చి చెప్పినప్పుడు నేను వాడిమీద ఎగిరాను గానీ, ఆమె మాత్రం హాయిగా నవ్వి, "అవునుగా" అంది. అప్పుడు నాకు మీ యంత్రం మీద వచ్చినంత కోపం ఇంకెప్పుడూ ఎవరిమీదా రాలేదు. ఆమె మెల్లగా వెళ్తున్న చోటికి అది పరుగెత్తి ముందే చేరింది.

బాధపడుతోందని అనుకోకు. అదే నన్ను కలవరపెడుతోంది. నిన్న పొద్దున లేచి, "ఇల్లు నీళ్లమీదికి లేచిందక్కా, మెల్లగా కదులుతోంది, తాడు కట్టావా?" అని అడిగింది. కట్టానన్నాను. "గట్టిగా?" అంది. గట్టిగానే అన్నాను. అయితే పర్వాలేదని కళ్లు మూసుకుంది. ఆ తర్వాత నేను పప్పు పొయ్యిమీద పెట్టి, నేల కదలడం లేదు కదా అని ఒకసారి చూసుకున్నాను. నన్ను చూసి నవ్వే హక్కు నీకుంది.

డాక్టరును విడిగా అడిగాను. కనబడకపోవడం వల్ల కూడా మనసు ఇలా కొట్టుకుపోతుందట, చూపొస్తే కొంత ఒడ్డుకు రావచ్చునట. మాటివ్వలేను అన్నాడు. నాకు మాట వద్దు, ఆపరేషను కావాలి.

అందుకని ఒక ఉపాయం. ముందు నేను నేనుగా వస్తాను. తర్వాత చెల్లి బూడిదరంగు శాలువా కప్పుకుని చెల్లిగా వస్తాను. మా ముఖాలు ఒకటేనని మీ యంత్రమే తీర్పు చెప్పింది కదా.

ఆమె జవాబు తప్పితే ఏమవుతుందో నువ్వు రెండు ఉత్తరాల్లోనూ రాయలేదు. నువ్వు రాయనిది చదవడం నీ స్కూలు రోజుల నుంచీ నాకు అలవాటే. చెప్పు.

అమ్మమ్మ

*

రాజధాని, నా గది

అమ్మమ్మా,

ఇది ఆఫీసులో కూర్చుని రాయలేకపోయాను.

తప్పితే ఫైలు కోర్టుకు వెళ్తుంది. ముందు ఆమెకు మతి స్థిమితం లేదని తేల్చాలి, తర్వాత సంరక్షకుల్ని నియమించాలి, ఆ తర్వాతే తాళం. ఈ చలికాలం కాదు కదా, వచ్చే చలికాలం కూడా దాటిపోతుంది. నువ్వు భయపడతావని రాయలేదు. నువ్వూ నేను భయపడతాననే కదా తూము గురించి రాశావు.

శాలువా పథకం మర్చిపో. ఇద్దరూ పక్కపక్కన, ఒకేసారి కనబడాలి. అసలు ఆ నియమం పెట్టిందే నీలాంటివాళ్ల కోసం.

కానీ నియమాన్ని మాటమాటా చదివాను. పేరు చెప్పాలని ఎక్కడా లేదు. "తాను వేరొక వ్యక్తినని తన మాటల్లో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా తెలియజేయాలి" అని మాత్రమే ఉంది. పేరు అడగడం మా న్యాయాధికారిగారి అలవాటు. ఆయన చెడ్డవారు కాదు, తప్పు జరిగితే ఎవరికి నష్టమో బాగా తెలిసినవారు, అందుకే గట్టిగా ఉంటారు.

రిజిస్ట్రారుగారితో గంటసేపు మాట్లాడాను. ఆయన మొదలుపెట్టిన వాక్యం ఇంకా అవలేదు. అయినా ఆయన్ని ఒక మాట అననివ్వను. మా భోజనాల వేళకు మీ ఆఫీసు తీరిగ్గా ఉంటుంది, మీ భోజనాల వేళకు మేం తీరిగ్గా ఉంటాం. రెండు ఆఫీసులూ ఇన్నాళ్లు ఒకరికొకరు దొరకనిది చాలావరకు ఇందుకేనని మాకిద్దరికీ అప్పుడే తెలిసింది. వచ్చే గురువారం ఇద్దరం భోజనం మానేస్తున్నాం.

అమ్మమ్మా, నువ్వు మాట్లాడకూడదు. ఒక్క మాట అందించినా అంతా రద్దు. నీకిది ఎంత కష్టమో నాకు తెలుసు.

పిడుగు

*

కొండవీధి
గురువారం సాయంత్రం

పిడుగుకి,

నువ్వు తెరలోంచి చూసింది సగమే. మిగతా సగం రాస్తాను.

కామా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసు గుమ్మంలోకి ఎదురొచ్చాడు. మేడమీద హాల్లో రెండు కుర్చీలు, ఎదురుగా గోడకు తెర. గోడలు చెమ్మ పట్టి ఉన్నాయి, వాన కిటికీ అద్దాల మీంచి తాపీగా దిగుతోంది, గదంతా నీళ్లలో ఉన్నట్టు పచ్చటి వెలుగు. చెల్లి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నీ ముఖం తెరమీదికి రాగానే, "ఆ కిటికీలో ఎవరో అమ్మాయి తడుస్తోంది, లోపలికి రమ్మను" అంది. నీ పక్కన న్యాయాధికారి అద్దాలు తుడుచుకుంటున్నారు.

కామా గొంతు సవరించుకుని, "అమ్మా, మీరెవరో మీ మాటల్లో చెప్పండి" అన్నాడు.

చెల్లి కిటికీ వైపు చూసింది. "ఈ పడవ ఎక్కడిదాకా వెళ్తుంది?"

"ఇది మున్సిపల్ ఆఫీసమ్మా, ఎక్కడికీ వెళ్లదు."

ఇంత నిజం వాడి నోటినుంచి నేనెప్పుడూ వినలేదు. కానీ నవ్వు రాలేదు. వాడు మళ్లీ అడిగాడు. చెల్లి కాసేపు వెతుక్కుంది. ముఖమంతా వెతుకులాటే. చివరికి దొరికిందన్నట్టు తేరుకుని, నా పేరు చెప్పింది.

మీ న్యాయాధికారి కలం తీయడం చూశాను. నీ ముఖం చూశాను. మాట్లాడకూడదని ఎన్ని రోజులు అనుకుని వచ్చినా, నా నోరు దానంతట అదే తెరుచుకుంది. మాట కాదు, దగ్గు మాత్రమే వచ్చింది. అది నిజంగా దగ్గే.

చెల్లి గిరుక్కున తిరిగింది. నా మోకాలిమీద ఒక్కటి వేసింది.

"నువ్వుండు. నన్నడుగుతున్నారు. పుట్టేటప్పుడు కూడా నన్ను తోసుకుని ముందు నువ్వే వచ్చావు. ఇప్పుడైనా నన్ను మాట్లాడనీ." తర్వాత తెరకేసి తిరిగి ఎంతో మర్యాదగా, "ఈవిడ ఇంతేనండీ, ఎవర్నడిగినా ఈవిడే చెబుతుంది. మీరు రాసుకోండి" అంది.

"ఏమని రాయమంటారమ్మా?" కామా ముందుకు వంగాడు.

"రెండోదాన్ని నేనని రాయండి."

ఆ తర్వాత మీ న్యాయాధికారి పేరు తప్పింది కదా అనడం, నువ్వు నియమం చదవడం, ఆయన అద్దాలు మళ్లీ తుడుచుకోవడం నీకు తెలుసు. అప్పుడు కామా లేచి నిలబడ్డాడు. "నాకు లెక్కలు రావు సార్, టీచరుగారినే అడగండి. కానీ తోసినావిడ ఒకరు, తోయించుకున్నావిడ ఒకరు. దానికి ఇద్దరు కావాలి." అని ఆగాడు. నేను ఎదురుచూశాను. నిజంగానే ఆగాడు.

మొదటిసారి మీరు "మూడు" అంటూ నొక్కారు, వీడు "మూడు" విన్నాక నొక్కాడు, తాళం కదల్లేదు. దేశమంతటినీ కలిపే యంత్రం పెట్టుకుని ఒకేసారి మూడు అనలేకపోయారు. రెండోసారి నేను లెక్కపెట్టాను. అప్పటికి నా నోటికి అనుమతి వచ్చింది కదా.

మెట్లు దిగుతుంటే చెల్లి అంది, "వాళ్లేం అడిగారో నాకు సరిగ్గా అర్థం కాలేదక్కా. బాగానే చెప్పానా?"

ఇన్నేళ్లలో ఎన్ని జవాబులు దిద్దానో. దీన్ని ముట్టుకోలేదు. బాగా చెప్పావన్నాను.

అమ్మమ్మ

*

రాజధాని, ఆరో అంతస్తు

అమ్మమ్మా,

తెర ఆరిపోయాక న్యాయాధికారిగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "దగ్గు ప్రోద్బలం కిందికి వస్తుందా?" నేను నోరు తెరిచేలోపే ఆయనే, "మా అక్కయ్య కూడా ఇలాగే దగ్గుతుంది" అని వెళ్లిపోయారు.

సాయంత్రం చూశాను. కొండవీధిలో రెండు చుక్కలు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని. కాస్త దూరం నుంచి చూస్తే ఒకటే అనిపిస్తాయి. నేను దగ్గరికి వెళ్లి చూశాను.

మీలాగే మళ్లీ ఒకే ఇంటికి చేరి ఒకటైపోయినవాళ్లు ఇంకొన్ని ఊళ్లలో దొరికారు. ప్రతి గురువారం మా భోజనాల వేళ మార్చాం. రిజిస్ట్రారుగారు మిగతా ఊళ్లవాళ్లకు జంట తాళం ఎలా తీయాలో ఫోన్‌లో నేర్పుతున్నారు. లెక్క మాత్రం నీ గొంతు రికార్డు చేసుకుని వినిపిస్తే బాగుంటుందని ఆయన సలహా. నేను ఒప్పుకోలేదు.

ఆసుపత్రి తేదీ ఆమె పేరుమీదే వచ్చింది. ముందు కుడికన్ను. చూసుకో.

పిడుగు

*

కొండవీధి, వరండా
చలి మొదలైంది

పిడుగుకి,

కట్టు విప్పారు. కన్ను బాగుంది, డాక్టరు కన్నా నేనే ఎక్కువసార్లు చూశాను.

విప్పిన మొదటి నిమిషం రాస్తాను, ఇక ఎవరికీ చెప్పను. చెల్లి గదంతా చూసింది. కిటికీ, గోడ, నర్సు తెల్లచొక్కా. తర్వాత నన్ను చూసి, చాలాసేపు చూసి, "అమ్మ ఎప్పుడొచ్చింది?" అని మెల్లగా అడిగింది.

నాకేం తప్పు పట్టాలనిపించలేదు. అద్దం ముందు నేనూ ఆ మాటే చాలాసార్లు అడిగాను. దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. చెయ్యి చాపి నా బుగ్గ, నుదురు, గడ్డం తడిమింది. "నువ్వా," అంది. "ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?"

"నువ్వు మాత్రం?"

"నన్ను నేనింకా చూసుకోలేదుగా, నేనెలా చెప్పను" అంది.

అద్దం అడగలేదు. నేనూ ఇవ్వలేదు. రెండ్రోజుల తర్వాత తనే వెళ్లి చూసుకుంది. ఏమనుకుందో ఆమెకే తెలియాలి. ఎవరినీ పక్కకు జరగమనలేదు.

అంతా బాగైపోయిందని రాయను. కొన్ని పొద్దులు ఒడ్డున ఉంటుంది, కొన్ని పొద్దులు ఉండదు. కానీ ఉన్నప్పుడు తన పేరు తను చెబుతోంది. సాయంత్రాలు ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి వీధి చూస్తుంది. కొత్త కంటికి బస్సు, పాత కంటికి పడవ. రెండో కన్ను ఎప్పుడు చేయించుకుంటారని డాక్టరు అడిగితే నేను ఊరుకున్నాను. కష్టపడి ఊరుకున్నాను. "కొన్నాళ్లు ఇలా ఉండనివ్వండి, ఆ తర్వాత వస్తాను" అంది చెల్లి. ముదిరిపోతుందమ్మా అన్నాడాయన. ఎండలు వచ్చేలోపు వస్తానని వాళ్లిద్దరూ తేల్చుకున్నారు.

ఇప్పుడు నీకు తనే ఉత్తరం రాస్తానంటోంది. నా మీద చెప్పాల్సినవి చాలా ఉన్నాయట, నేను చదవకూడదట. నా పెన్ను గీత సన్నగా ఉంది, ఆమెకు ఆనదు. కాబట్టి ఒక పని చెయ్యి. మీ ఆఫీసు దగ్గరి స్టేషనరీ షాపులో గీత లావుగా పడే నల్ల పెన్నులు రెండు, వెడల్పు గీతల కాగితాల కట్ట ఒకటి కొను. కొనేముందు షాపులోనే రాసి చూడు, సిరా వెనక్కి దిగే కాగితమైతే వద్దు. పార్సిల్ మీద ఆమె పేరు మాత్రమే రాయి, "కేరాఫ్" అని కింద నా పేరు తగిలించకు. పొద్దుటి బట్వాడాలో వచ్చేలా పంపు. అప్పుడు ఆమె మెలకువగా ఉంటుంది, తలుపు ఆమే తీస్తుంది.

అమ్మమ్మ